అరకా, చిక్‌మగళూరా, కూర్గా: కాఫీ కొండల ప్రయాణానికి ఏది ఎంచుకోవాలి?

కాఫీ తోటల మధ్య నాలుగు రోజులు గడిపి రావాలని అనుకోగానే మన ఇళ్ళలో మూడు పేర్లు వినిపిస్తాయి: అరకు, చిక్‌మగళూరు, కూర్గ్. ఆ తర్వాత చర్చ ఒక పట్టాన తెగదు. అరకు ఎప్పుడో చూసేశాం కదా అని ఒకరు, కూర్గ్ మరీ దూరం అని ఇంకొకరు. ఈలోపు చిక్‌మగళూరు వెళ్ళొచ్చిన మిత్రుడు ఫొటోలు పంపుతాడు. చివరికి ఎక్కడ గది ఖాళీగా దొరికితే అక్కడికి బయల్దేరతారు. మూడూ కాఫీ కొండలే అయినా మూడింటి స్వభావం వేరు. ఒకచోట ఎంతో సంతోషించే మనిషి ఇంకోచోట "ఇంతేనా" అనుకుని తిరిగి రావచ్చు. అందుకే కాస్త కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఇది.

కేరళలోని వయనాడ్‌ను ఇక్కడ విడిగా చెప్పడం లేదు. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి దారి మైసూరు మీదుగానే, కాఫీ కూడా ఎక్కువగా రోబస్టానే (కాఫీలో ప్రధానంగా రెండు రకాలు: అరబికా, రోబస్టా). కాబట్టి కూర్గ్ గురించి చెప్పేదాంట్లో చాలావరకు వయనాడ్‌కీ సరిపోతుంది. కారులో వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. బందీపూర్ అడవి మీదుగా వెళ్ళే జాతీయ రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు.

## ముందు నెల, తర్వాతే ఊరు

చాలామంది ఊరు ముందు ఎంచుకుని, సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్తారు. కాఫీ చూడాలన్నదే కోరిక అయితే నా సలహా దీనికి తలకిందులు. కాఫీ చెట్టుకు దాని క్యాలెండర్ ఉంది. అది తెలియకుండా వెళ్తే పచ్చటి ఆకులు తప్ప మరేం కనపడవు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య తొలి వాన పడిన వారం పది రోజులకు తోటలన్నీ తెల్లగా పూస్తాయి. మల్లెల్లాంటి వాసన కొండంతా కమ్ముతుంది. కానీ ఆ పూలు మూడు నాలుగు రోజులకు మించి ఉండవు. ఏ వారం వాన పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు కాబట్టి పూల కోసమే టికెట్లు బుక్ చేసుకుంటే టెన్షన్ తప్పదు. బెంగళూరు, విశాఖ లాంటి దగ్గరి ఊళ్ళలో ఉండేవాళ్ళు మాత్రం తోట యజమానికో, హోమ్‌స్టే వాళ్ళకో ముందే చెప్పి ఉంచి, కబురు రాగానే బయల్దేరవచ్చు. రోబస్టా తోటల్లో వాన కోసం ఎదురుచూడకుండా స్ప్రింక్లర్లతో తడిపి పూయిస్తారు. అందుకే కూర్గ్ వైపు పూల సమయాన్ని తోటవాళ్ళు కాస్త నమ్మకంగా చెప్పగలరు.

కోత కాలానికి ఇంత అనిశ్చితి లేదు. అరబికా కోత నవంబరు నుంచి జనవరి దాకా నడుస్తుంది, కొన్నిచోట్ల ఫిబ్రవరి దాకా సాగుతుంది. రోబస్టా కోత దాని వెనకాలే మొదలై మార్చి దాకా ఉంటుంది. ఎర్రటి పండ్లు కోయడం, పల్పింగ్ యంత్రంలో తొక్క తీయడం, కడగడం, కళ్ళాల్లో ఆరబోయడం అన్నీ ఒకే రోజు కళ్ళారా చూడగలిగేది ఈ నెలల్లోనే. మూడు ప్రాంతాల్లోనూ సంక్రాంతి సెలవులు కోత మధ్యలో పడతాయి. పిల్లలకు చూపించాలంటే అంతకన్నా మంచి సమయం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో కోత అయిపోయి, చెట్లకు కత్తిరింపులు జరుగుతుంటాయి. పూలు కూడా అయిపోయాక కాఫీపరంగా చూడటానికి పెద్దగా ఉండదు. వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు చల్లదనం కోసం వెళ్తున్నామని స్పష్టంగా అనుకుని వెళ్తే నిరాశ ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. పశ్చిమ కనుమల్లో ఆ వాన మన ఊళ్ళ వాన లాంటిది కాదు. దాని గురించి కూర్గ్ దగ్గర చెప్తాను.

## ఇంకా తేల్చుకోవాల్సినవి

నెల తర్వాత చేతిలో ఉన్న రోజులు. దారిలో పోయే గంటలు తీసేసి లెక్క వేయండి. హైదరాబాద్ నుంచి నాలుగు రోజుల సెలవు అంటే చిక్‌మగళూరులో మిగిలేది రెండు రోజులు, ఇంకొంచెం. తర్వాత బస. తోట మధ్యలో ఉన్న ఇంట్లో నిద్ర లేవాలా, లేక ఊళ్ళో హోటల్లో ఉండి తోటలు చూసి వస్తే చాలా? ఎంపికను అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఈ ప్రశ్నే, చాలామంది అడగనిదీ ఇదే. ఆపైన మీతో వచ్చేవాళ్ళ మోకాళ్ళు, ఘాట్ రోడ్డులో తట్టుకునే కడుపులు, తిండి అలవాట్లు.

| అంశం | అరకు–పాడేరు | చిక్‌మగళూరు | కూర్గ్ |
|---|---|---|---|
| దగ్గరి పెద్ద ఊరు | విశాఖపట్నం, సుమారు 115 కి.మీ. | బెంగళూరు, సుమారు 245 కి.మీ. | మైసూరు, సుమారు 120 కి.మీ. |
| రైలు | అరకు దాకా ఉంది | ఊరి దాకా రైళ్ళు తక్కువ, ఎక్కువగా కడూరు జంక్షన్, అక్కడి నుంచి సుమారు 40 కి.మీ. | జిల్లాలో రైలు లేదు, మైసూరులో దిగాలి |
| కాఫీ | అరబికా, గిరిజన రైతుల చిన్న తోటలు | కొండపైన అరబికా, కింద రోబస్టా, పాత ఎస్టేట్లు | ఎక్కువగా రోబస్టా, పెద్ద ఎస్టేట్లు |
| తోటలో బస | చాలా తక్కువ | బాగా దొరుకుతుంది | బాగా దొరుకుతుంది |
| హైదరాబాద్ నుంచి కావాల్సిన రోజులు | 3 | 5 | 5 |
| వినిపించే భాష | అంతటా తెలుగు | కన్నడ, టూరిస్టు చోట్ల హిందీ | కన్నడ, కొడవ, టూరిస్టు చోట్ల హిందీ |
| జనం విపరీతంగా ఉండే సమయం | డిసెంబరు, జనవరి వారాంతాలు | బెంగళూరుకు పొడవైన వారాంతం వచ్చినప్పుడల్లా | అదే |

ఈ మూడు ప్రాంతాల అరబికాకూ 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. చిక్‌మగళూరు జిల్లాలోని బాబాబుడన్‌గిరి కాఫీకి విడిగా ఇంకొకటి ఇచ్చారు. కాబట్టి కాఫీ నాణ్యత చూసి ఒకదాన్ని పక్కన పెట్టే పని లేదు.

## అరకు–పాడేరు

అరకు మనది కాబట్టి తేలిగ్గా తీసుకుంటాం. విశాఖ వెళ్ళినప్పుడు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరుగా దాన్ని కుదించేశాం. అలా చూసినవాళ్ళు అరకు చూడలేదనే నేను గట్టిగా చెప్తాను. అసలు అందం అరకు నుంచి పాడేరు, చింతపల్లి దాకా పరచుకున్న కొండల్లో ఉంది.

కర్ణాటక తోటలకూ ఇక్కడి తోటలకూ ఉన్న పెద్ద తేడా భూమి ఎవరిదన్నది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం అని అందరూ పిలిచే 1970 నాటి నిబంధన ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదు. అందుకే కూర్గ్‌లో కనిపించే వందల ఎకరాల సొంత ఎస్టేట్లు, వాటి మధ్య బంగళాలు ఇక్కడ లేవు. ఎకరా, రెండెకరాల గిరిజన కుటుంబాల తోటలు, వాటితో పాటు అటవీ అభివృద్ధి సంస్థ తోటలు ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మీదికే పాకించిన మిరియాల తీగలు. ఒకే నేల మీద రెండు పంటలు. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు దశాబ్దాలుగా చేసిన పని దీని వెనక ఉంది. ఇక్కడి గింజల పేరు మీద 2017లో పారిస్‌లో దుకాణం తెరిచే దాకా ఆ కాఫీ వెళ్ళింది.

దీనివల్ల టూరిస్టుకు ఒక నష్టం, ఒక లాభం. తోటలో పడుకుని, పొద్దున్నే యజమాని వెంట నడిచి, మధ్యాహ్నం పల్పర్ చూసే ఏర్పాటు ఇక్కడ సులువుగా దొరకదు. హోటళ్ళు, రిసార్టులు, టూరిజం శాఖ కాటేజీలు ఎక్కువగా అరకు, అనంతగిరి, పాడేరు, లంబసింగిల్లో ఉంటాయి. కానీ దారిలో ఆగి తోటవాళ్ళని పలకరిస్తే మీ భాషలోనే జవాబు వస్తుంది. పంటకు ఏ ధర వచ్చింది, ఎప్పుడు మొక్క నాటారు, ఈ ఏడు కాపు ఎలా ఉంది అని నేరుగా రైతునే తెలుగులో అడగగలిగే చోటు మూడింటిలో ఇదొక్కటే. నాకు అరకు మీద ఉన్న ఇష్టంలో సగం ఇందుకే.

రైలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించడానికి వేసింది. మొత్తం లైనులో 58 సొరంగాలు ఉన్నాయి. పొద్దున విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉంది. దాని సీట్లు సీజన్‌లో చాలా ముందే అయిపోతాయి. దొరక్కపోతే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చోండి, కొండలు అవే. పైకి రైల్లో వెళ్ళి, కిందికి రోడ్డు మీద రండి. వానాకాలంలో కొండచరియలు పడి రైలు రద్దయ్యే రోజులు ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో ఇంకో దారి కూడా మనసులో పెట్టుకోవాలి.

మూడు రోజులుంటే వెళ్ళిన దారినే తిరిగి రావద్దు. మొదటి రోజు రైల్లో బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి గుహలు చూసి, ముందే మాట్లాడుకున్న కారులో అనంతగిరి తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, సుంకరమెట్ట కాఫీ తోటలోని చెక్క వంతెన చూస్తూ సాయంత్రానికి అరకు చేరండి. రెండో రోజు గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, చాపరాయి చూసుకుని పాడేరు వెళ్ళి అక్కడే పడుకోండి. మూడో రోజు తెల్లవారకముందే వంజంగి కొండ ఎక్కితే కింద లోయంతా మబ్బులు నిండి కనిపిస్తుంది. ఆ తర్వాత చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి తుని వైపో, అనకాపల్లి వైపో వెళ్ళి రైలెక్కవచ్చు. మూడో రోజు ప్రయాణం ఎక్కువే. ఇంకొక్క రోజు కలిస్తే లంబసింగిలో ఆగండి. వంజంగి మబ్బులకు కూడా గ్యారంటీ లేదు. చలి, తేమ కుదిరిన పొద్దుటే కనిపిస్తాయి, నవంబరు నుంచి జనవరి దాకా అవకాశం ఎక్కువ.

అక్టోబరు చివర, నవంబరులో వెళ్తే పొలాల నిండా పసుపు పచ్చటి వలిసె పూలు కూడా దొరుకుతాయి. కోత మొదలయ్యే సమయం, చలి ఇంకా ముదరని సమయం, డిసెంబరు రద్దీ రాని సమయం. అరకుకు నేను ఎంచుకునే నెల నవంబరు, అందులోనూ సోమవారం నుంచి గురువారం మధ్య. డిసెంబరు చివరి వారంలో ఘాట్ రోడ్డు మీద కార్లు గంటల తరబడి కదలవు, గదుల ధరలు అందనంత పెరుగుతాయి.

తిండికి బొంగు చికెన్ ఉంది. శాకాహారులకు పెద్దగా వైవిధ్యం ఉండదు, మామూలు భోజనం, టిఫిన్లు దొరుకుతాయి. పాడేరు దాటాక సిగ్నల్, ఏటీఎం, పెట్రోలు బంకు మీద ఆధారపడకుండా ముందే సిద్ధపడండి. ఏజెన్సీలో దోమల విషయం తేలిగ్గా తీసుకోకూడదు, ఒంటికి రాసుకునే మందు వెంట ఉండాలి.

## చిక్‌మగళూరు

మన దేశంలో కాఫీ కథ మొదలైంది ఈ కొండల్లోనే అంటారు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు హజ్ యాత్ర నుంచి తిరిగొస్తూ యెమెన్‌లోని మోకా నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి ఇక్కడ నాటాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన పేరు మీదే బాబాబుడన్‌గిరి. బాళెహొన్నూరులో 1925 నుంచి కాఫీ పరిశోధన కేంద్రం నడుస్తోంది. మనవాళ్ళు తాగే చాలా కాఫీ రకాల వెనక అక్కడి పని ఉంది. ఊళ్ళో కాఫీ బోర్డు మ్యూజియం కూడా ఉంది. కాఫీ గురించి ఏమీ తెలియనివాళ్ళు తోటకు వెళ్ళే ముందు అక్కడ ఒక గంట గడిపితే తోటలో వేసే ప్రశ్నలే మారిపోతాయి.

కాఫీ అంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే ఊరు. తోటల్లో హోమ్‌స్టేలు ఎన్నో ఉన్నాయి. తరతరాలుగా కాఫీ పండిస్తున్న కుటుంబాలు నడిపేవి చాలా. కోత కాలంలో బుక్ చేసే ముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి: మీకు సొంత తోట ఉందా, పల్పింగ్ మీ దగ్గరే చేస్తారా, మేం వచ్చే రోజుల్లో పని నడుస్తుందా? మూడింటికీ అవునంటే ఆ బస ఎంత ఖరీదైనా దండగ కాదు. తోట మాట ఎత్తగానే స్విమ్మింగ్ పూల్, క్యాంప్‌ఫైర్ గురించి చెప్పడం మొదలుపెడితే అది రిసార్టు. అదీ తప్పు కాదు, కానీ మీరు వెతుకుతున్నది అది కాకపోవచ్చు.

కొండలెక్కేవాళ్ళకి కూడా మూడింటిలో ఇదే మేటి. కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తైన ముళ్ళయ్యనగిరి, సుమారు 1,930 మీటర్లు, ఊరికి దగ్గరే ఉంది. పైదాకా రోడ్డు వేశారు, చివర మెట్లు ఎక్కితే చాలు. అసలు ట్రెక్కింగ్ కావాలంటే కుద్రేముఖ్ శిఖరం ఉంది, రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు, అటవీ శాఖ దగ్గర ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ముళ్ళయ్యనగిరి వైపు వెళ్ళే వాహనాలకూ ఇప్పుడు పరిమితి, ముందస్తు బుకింగ్ ఉన్నాయి. బయల్దేరే ముందు జిల్లా యంత్రాంగం నిబంధనలు చూసుకోకపోతే చెక్‌పోస్టు దగ్గర వెనక్కి రావాల్సి వస్తుంది.

చిక్‌మగళూరుకు ఇంకో బలం ఉంది, అది కాఫీకి సంబంధం లేనిది. బేలూరు చెన్నకేశవస్వామి గుడి ఇక్కడికి సుమారు 25 కి.మీ. అక్కడి నుంచి హళేబీడు కాస్త ముందుకు. హొయసల శిల్పాల ఈ గుళ్ళకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. జిల్లాలోనే శృంగేరి శారదాపీఠం, హొరనాడు అన్నపూర్ణేశ్వరి ఆలయం ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "కాఫీ తోటలు చూడ్డానికి అంత దూరమా" అంటే శృంగేరి పేరు చెప్పండి, ప్రయాణానికి వాళ్ళే తొందరపెడతారు. శృంగేరిలో, హొరనాడులో రెండు చోట్లా అన్నప్రసాదం ఉంటుంది. శాకాహారుల తిండి విషయంలోనూ మలెనాడు (కర్ణాటక కొండ ప్రాంతం) వంటలతో ఈ జిల్లా ముందుంటుంది: అక్కి రొట్టె, కడుబు, నీర్ దోశ. కాకపోతే శృంగేరి, హొరనాడు దారి అంతా మలుపులే. గుళ్ళకు ఒక పూర్తి రోజు, తోటకు విడిగా రోజులు పెట్టుకోండి. అన్నీ ఒకే రోజులో కుక్కితే పెద్దవాళ్ళు సాయంత్రానికి మంచం పడతారు.

బలహీనత దూరం. హైదరాబాద్ నుంచి బెంగళూరు ఒక రాత్రి, అక్కడి నుంచి కారులో అయిదు గంటలు, లేదా రైల్లో కడూరు. అనంతపురం, హిందూపురం వైపు వాళ్ళకి ఇది పగటి కారు ప్రయాణమే. రాయలసీమ వాళ్ళు అరకు కన్నా దీన్నే ముందు ఆలోచించాలి. తిరుపతి నుంచి వారానికి ఒక రైలు చిక్‌మగళూరు దాకా 2025లో మొదలైంది, అది నడిచే రోజు మీ సెలవులకు కుదిరితే అదృష్టమే.

## కూర్గ్

కూర్గ్ అసలు పేరు కొడగు, దేశంలో కాఫీ ఎక్కువగా పండే జిల్లా ఇదే. మడికేరి నుంచి సిద్దాపురం, విరాజ్‌పేట వైపు వెళ్తుంటే తోటలు తెగవు, ఒక తోట ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. ఇక్కడ పండేది ఎక్కువగా రోబస్టా. అరబికాతో పోలిస్తే దీనికి తక్కువ రకం అన్న పేరు ఉంది, ఆ మాటతో నాకు ఒప్పుదల లేదు. మన ఫిల్టర్ కాఫీలో పాలు పోశాక కూడా నిలబడే చిక్కదనం, నురగ రోబస్టా వల్లే ఎక్కువగా వస్తాయి. బాగా కడిగి ఆరబెట్టిన రోబస్టాను తోటలోనే తాగి చూశాక మీరే చెప్పండి.

కూర్గ్‌లో చూడాల్సిన చోట్ల జాబితా పెద్దదే: తలకావేరి, భాగమండల, అబ్బి జలపాతం, రాజా సీట్, దుబారే ఏనుగుల శిబిరం, దారిలో బైలకుప్పె టిబెటన్ల బంగారు గుడి. అవన్నీ చుట్టాలని చూడకండి. జిల్లా విశాలం, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య గంటన్నర ఘాట్ రోడ్డు. మడికేరి ఊరు కూడా ఇరుకైపోయింది. కూర్గ్ ఇచ్చే సుఖం ఒక తోటలో మూడు రాత్రులు ఉండిపోవడంలో ఉంది. పొద్దున తోటలో నడక, మధ్యాహ్నం వరండాలో పుస్తకం, సాయంత్రం పక్షులు. రోజుకు ఒకే ఒక చోటు చూసి రావడం. తలకావేరి, భాగమండల కలిపి ఒక రోజు, దుబారే, బైలకుప్పె కలిపి మైసూరుకు తిరిగి వెళ్ళే రోజు. దీనికి ఓపిక లేనివాళ్ళు, మూడో గంటకే "ఇక్కడ ఇంకేం ఉంది" అని అడిగేవాళ్ళు వెంట ఉంటే కూర్గ్ వద్దు.

మాంసాహారులకు ఇక్కడ తిండి పండగే. కొడవల పంది కూర, కాచంపులి అనే పుల్లటి రసంతో చేస్తారు, దాంతో కడంబుట్టు అనే బియ్యపు నూక ఉండలు. పంది మాంసం తిననివాళ్ళకి అదే తరహాలో కోడికూర, నూల్‌పుట్టు దొరుకుతాయి.

హైదరాబాద్ వాళ్ళు కూర్గ్‌ను అందని దూరంగా భావిస్తారు కానీ కాచిగూడ నుంచి మైసూరుకు రాత్రి రైలు ఉంది. మైసూరులో దిగి మూడు గంటల కారు ప్రయాణం. లెక్క వేస్తే చిక్‌మగళూరు కన్నా పెద్ద తేడా లేదు, పైగా మైసూరు ప్యాలెస్ కలిసొస్తుంది.

వానల సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఆగకుండా కురుస్తుంది. 2018 ఆగస్టులో మడికేరి చుట్టుపక్కల కొండలే జారి ఇళ్ళు, తోటలు, రోడ్లు కొట్టుకుపోయాయి. వయనాడ్‌లో 2024 జూలైలో కొండచరియలు విరిగిపడి జరిగిన విషాదం అందరికీ గుర్తుండే ఉంటుంది. వానలో పశ్చిమ కనుమలు అందంగా ఉంటాయన్నది నిజమే. కానీ ఆ అందం కోసం పిల్లలనీ పెద్దవాళ్ళనీ తీసుకుని జూలై, ఆగస్టుల్లో వెళ్ళమని నేను చెప్పను. జలగలు ఉంటాయి, నడక ఉండదు, రెడ్ అలర్ట్ వస్తే దారులు మూస్తారు. వర్షమే చూడాలనుకుంటే సెప్టెంబరు చివర వెళ్ళండి.

## మీ పరిస్థితిని బట్టి

చిన్నపిల్లలతో మొదటిసారి. అరకు. రైలు, సొరంగాలు, గుహలు, మ్యూజియం, పిల్లలకు విసుగు పుట్టే ఖాళీ ఉండదు. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలుంటే పైకి రైల్లోనే వెళ్ళండి, దిగేటప్పుడు కూడా పాడేరు దారి పట్టకుండా రైలు టికెట్లే చూసుకోండి.

డెబ్భై దాటిన అమ్మానాన్నలతో. చిక్‌మగళూరు, శృంగేరి, బేలూరు. రోజుకు ఒక్క ప్రయాణం చొప్పున అయిదారు రోజులు. అరకు అయితే బొర్రా గుహల మెట్లు, వంజంగి నడక పక్కన పెట్టాలి. అవి తీసేశాక కూడా రైలు, అనంతగిరి తోటలు మిగులుతాయి కాబట్టి రెండు రోజుల సెలవుకు అది చాలు.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు. కూర్గ్‌లో తోట బస. ఊళ్ళు తిరిగే ప్లాన్ తగ్గించండి.

కాఫీ వ్యసనపరులు. డిసెంబరు, జనవరిలో చిక్‌మగళూరు, పల్పింగ్ నడిచే తోటలో బస. అది అయ్యాక మరుసటి ఏడు నవంబరులో అరకు–పాడేరు. ఎస్టేటు కాఫీనీ చిన్న రైతు కాఫీనీ రెండూ చూస్తేనే ఈ పంట ఎన్ని రకాలుగా మనుషుల్ని బతికిస్తోందో అర్థమవుతుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళు. మీకు చిక్‌మగళూరు, కూర్గ్ రెండూ అందుబాటులోవే. శుక్రవారం రాత్రి బయల్దేరే అలవాటు మానుకుని, ఒక్క రోజు సెలవు పెట్టి ఆదివారం వెళ్ళి మంగళవారం రండి. అదే గది తక్కువ ధరకు వస్తుంది, అదే కొండ ఖాళీగా ఉంటుంది.

విదేశాల నుంచి జూన్, జూలైల్లో వచ్చేవాళ్ళు. పిల్లల బడి సెలవులు అప్పుడే కాబట్టి మీకు వేరే దారి లేదు. అరకు ఎంచుకోండి. అక్కడా వాన ఉంటుంది కానీ కూర్గ్‌తో పోలిస్తే బాగా తక్కువ, కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. తోటల్లో పచ్చి కాయలు మాత్రమే కనిపిస్తాయి. డిసెంబరులో వచ్చేవాళ్ళకి ఈ చిక్కు లేదు, కాకపోతే క్రిస్మస్ వారాన్ని తప్పించి జనవరి మొదటి వారం దాటాక వెళ్ళండి.

బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్ళు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళకి అరకు తప్ప ఆలోచన అక్కర్లేదు. రాయలసీమ వాళ్ళకి చిక్‌మగళూరు. హైదరాబాద్ నుంచి అయితే ప్రయాణ ఖర్చు, కారు అద్దె కలిపి చూస్తే అరకే తక్కువలో తేలుతుంది.

ఒకే ప్రయాణంలో చిక్‌మగళూరు, కూర్గ్ రెండూ కలపొచ్చా అని చాలామంది అడుగుతారు. మ్యాపులో దగ్గరగానే కనిపిస్తాయి. మధ్య దారి సకలేశ్‌పూర్ మీదుగా కొండల్లోంచి వెళ్తుంది, సగం రోజు పైనే పోతుంది. ఏడు రోజులుంటే కలపండి. అయిదు రోజుల్లో కలిపితే రెండు చోట్లా కారు కిటికీలోంచి చూసి వచ్చినట్టే.

## తోటలోకి అడుగుపెట్టేటప్పుడు

రోడ్డు పక్కన ఉన్నంత మాత్రాన తోట అందరిదీ కాదు. అడిగి లోపలికి వెళ్ళండి, ఎవరూ కాదనరు. పండు రుచి చూడాలనుకుంటే ఒకటి అడిగి తీసుకోండి, పైన తియ్యటి గుజ్జు ఉంటుంది. కొమ్మ వంచి ఫొటోలు దిగితే వచ్చే ఏటి కాపు పోతుంది. పని చేసుకుంటున్న ఆడవాళ్ళ ఫొటోలు అడక్కుండా తీయకండి.

పండ్లు, ఆరని గింజలు సంచిలో వేసుకుని ఒక తోట నుంచి ఇంకో తోటకు తీసుకెళ్ళడం అసలే చేయకూడదు. కాయ తొలిచే పురుగు కర్ణాటక తోటల్ని ఏళ్ళుగా పీడిస్తోంది. అరకు ప్రాంతంలో అది 2025లో బయటపడింది, ఆ రైతులు కోసిన కాయల్ని నాశనం చేసుకోవాల్సి వచ్చింది. ఎకరా తోట మీద బతికే కుటుంబానికి అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద రెండు విషయాలు చూడండి. మొదటిది వేయించిన తేదీ, నెల లోపుదైతే మంచిది. రెండోది చికరీ శాతం. చికరీ కలిపిన పొడి మీద ఎంత కలిపారో రాయాలి, 49 శాతం మించకూడదు. టూరిస్టు చోట్ల అమ్మే పొడిలో చాలావరకు చికరీ కలిసినదే ఉంటుంది, ఇష్టమైతే తీసుకోండి, కానీ తెలిసి తీసుకోండి. ప్లాంటేషన్ ఏ అంటే కడిగి శుద్ధి చేసిన అరబికాలో పెద్ద గింజ, పీబెర్రీ అంటే పండులో రెండుకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగిన గింజ. ఇంట్లో గ్రైండర్ ఉంటే గింజలే తెచ్చుకోండి. లేకపోతే ఇత్తడి ఫిల్టరా, స్టీలు ఫిల్టరా, ఫ్రెంచ్ ప్రెస్సా అన్నది దుకాణంలో చెప్పి దానికి తగినట్టు పొడి పట్టించుకోండి. అరకులో అయితే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కాఫీతో పాటు మిరియాలు, తేనె కూడా దొరుకుతాయి.